గుండె ఆపరేషన్ అప్పుడు షుగర్ ఎంత ఉంటే మేలు?

అందరికీ నమస్కారం. నేను గుండె ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్ని. రోగి నిద్రపోగానే మా పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. బీపీ, ఊపిరి, ఒంటి వేడి, రక్తంలో లవణాలు, షుగర్, అన్నీ ఆ కొన్ని గంటలూ మేమే చూసుకోవాలి. వాటిలో షుగర్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ముందు వరుసల్లో ఆపరేషన్‌కు తేదీ తీసుకున్నవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఉన్నారు. వెనక నర్సింగ్ విద్యార్థులు కూర్చున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా చెప్తాను. తెలిసిన సంగతులు వచ్చినప్పుడు విద్యార్థులు కాస్త ఓపిక పట్టాలి.

ఐసీయూ బయట మమ్మల్ని ఆపి తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా నాన్నగారికి షుగర్ లేదండీ. ఏనాడూ ఒక్క మాత్ర వేసుకోలేదు. మరి ఆపరేషన్ అయినప్పటి నుంచి ఇన్సులిన్ ఎక్కిస్తున్నారేంటి?" అని. అడిగే గొంతులో భయంతో పాటు, ఇంకెవరి మందో మా మనిషికి ఇచ్చేస్తున్నారేమో అన్న అనుమానం కూడా ఉంటుంది. అడగడం మంచిదే. జవాబు మాత్రం కొంచెం పెద్దది.

కత్తి డాక్టరు చేతిలో ఉందా, శత్రువు చేతిలో ఉందా అన్నది ఒంటికి తెలియదు. గాయం అయిందని మాత్రం తెలుసు. గాయం అయినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిసోల్, గ్లూకగాన్ లాంటి హార్మోన్లను వదులుతుంది. ఇవన్నీ కాలేయానికి ఒకటే మాట చెప్తాయి: దాచుకున్న షుగర్ బయటికి తియ్యి, లేకపోతే కొత్తది తయారుచెయ్యి. అదే సమయంలో కండరాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. రక్తంలోకి వచ్చే షుగర్ పెరిగింది, వాడుకునేది తగ్గింది. ఇక రక్తంలో అది పేరుకోకుండా ఎలా ఉంటుంది?

ఏ పెద్ద ఆపరేషన్‌లోనైనా ఇది జరుగుతుంది. గుండె ఆపరేషన్‌లో మరికొన్ని కలుస్తాయి. గుండెను ఆపి పని చేయాలంటే రక్తాన్ని, గుండె, ఊపిరితిత్తుల పని తాను చేసే హార్ట్ లంగ్ మెషిన్ గుండా తిప్పాలి. ప్లాస్టిక్ గొట్టాలు తగలగానే రక్తంలోని రక్షణ వ్యవస్థ ఎవరో దాడి చేస్తున్నట్టు రెచ్చిపోతుంది. చాలా ఆపరేషన్లలో ఒంటిని కొంత చల్లబరుస్తాం. ఆ చలికి క్లోమం ఇన్సులిన్ విడుదల చేయడం తగ్గిస్తుంది. తర్వాత మళ్లీ వేడెక్కించేటప్పుడు షుగర్ బాగా ఎగబాకుతుంది. గుండె బలహీనంగా ఉంటే మేమే బయటి నుంచి అడ్రినలిన్ ఎక్కిస్తాం. స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వస్తే అవీ పెంచుతాయి. అందుకే షుగర్ జబ్బు అసలు లేని మనిషికి కూడా మెషిన్ మీద ఉన్నప్పుడు 200 దాటడం మాకు వింతేమీ కాదు. నేను చెప్పే అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాములు, మీ ల్యాబ్ రిపోర్టులో ఉండేవే.

ఇలా పెరిగిన షుగర్ చాలామందిలో కొద్ది రోజుల్లో దానంతట అదే దిగుతుంది. కొందరికి మాత్రం షుగర్ జబ్బు ముందు నుంచే ఉండి, బయటపడకుండా ఉంటుంది. ఎవరు ఏ రకమో తేల్చడానికే ఆపరేషన్‌కు ముందు హెచ్‌బీఏ1సీ చేయిస్తాం. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను అది చెప్తుంది. రక్తం ఎక్కించాక ఆ పరీక్షను నమ్మలేం, ఎందుకంటే కొలిచే ఎర్ర కణాల్లో కొన్ని ఇంకొకరివి. కాబట్టి ముందే చేయించుకోవాలి. మీ ఫైల్లో అది లేకపోతే అడగండి.

ఇక షుగర్ జబ్బు ఉన్నవాళ్ల సంగతి. గుండె ఆపరేషన్ బల్ల మీదికి వచ్చేవాళ్లలో వాళ్లు చాలా ఎక్కువ. షుగర్ రక్తనాళాలను దెబ్బతీస్తుందన్నది ఒక కారణం. ఇంకొకటి, చాలా నాళాల్లో అడ్డంకులున్న షుగర్ రోగులకు స్టెంట్ల కన్నా బైపాస్ ఎక్కువ మేలు చేస్తుందని 2012లో వచ్చిన ఫ్రీడమ్ అధ్యయనం చూపించింది. అందులో 1,900 మంది ఉన్నారు. పక్షవాతం మాత్రం బైపాస్ చేయించుకున్నవాళ్లలోనే కొంచెం ఎక్కువ వచ్చింది, ఆ మాటా చెప్పాలి. "స్టెంట్ వేస్తే పోయేదానికి ఛాతీ ఎందుకు కోస్తారు" అని మీ బంధువుల్లో ఎవరైనా అంటే, ఇలాంటి లెక్కలు చూసే మీ డాక్టర్లు ఆ సలహా ఇచ్చి ఉంటారు.

షుగర్ పెరిగితే పెరగనీ, నాలుగు రోజుల్లో తగ్గుతుందిగా, అనుకోవచ్చు. అక్కడే చిక్కు. ఆ నాలుగు రోజులే గాయం మానడం మొదలయ్యే రోజులు. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు సూక్ష్మక్రిములను మింగాల్సిన తెల్ల కణాలు మందకొడిగా తయారవుతాయి. 180 ప్రాంతం దాటాక మూత్రపిండాలు షుగర్‌ను పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి, దానితో పాటు నీరూ పోతుంది. ఐసీయూలో మూత్రం ధారాళంగా వస్తుంటే కిడ్నీలు బాగున్నాయని మేం సంతోషిస్తాం. షుగర్ 280 ఉన్నప్పుడు వచ్చే మూత్రాన్ని చూసి మాత్రం సంతోషించకూడదు. ఒంట్లో నీరు ఎండిపోతోందని దాని అర్థం కావచ్చు. విద్యార్థులు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మేం బాగా భయపడేది రొమ్ము ఎముక గురించి. మామూలు బైపాస్‌లో ఆ ఎముకను నిలువునా కోసి, చివర్లో స్టీలు తీగలతో బిగిస్తారు. పై చర్మంలో చీము పడితే మందులతో, డ్రెస్సింగులతో నయం చేయొచ్చు. ఇన్ఫెక్షన్ ఎముక లోతుకు వెళ్తే మళ్లీ ఆపరేషన్, వారాల తరబడి యాంటీబయాటిక్స్, కొందరిలో ప్రాణం మీదికి వస్తుంది. ఇది షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఆంథొనీ ఫర్నరీ అనే సర్జన్ బృందం 1987 నుంచి 1997 వరకు ఆపరేషన్ చేయించుకున్న 2,467 మంది షుగర్ రోగుల లెక్క తీసింది. మొదట్లో వాళ్లు అందరిలాగే చర్మం కింద ఇన్సులిన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు. తర్వాత నరంలోకి నిరంతరం ఎక్కించడం మొదలుపెట్టారు. లోతు ఇన్ఫెక్షన్ 2 శాతం నుంచి 0.8 శాతానికి దిగింది. అది పాత రోజులతో కొత్త రోజులను పోల్చిన లెక్క. మధ్యలో ఆపరేషన్ పద్ధతులూ మెరుగుపడి ఉంటాయి, ఘనత అంతా ఇన్సులిన్‌దే అనలేం. అయినా గుండె ఐసీయూల్లో ఇన్సులిన్ పంపులు మామూలు అయిపోవడం వెనక ఆ పని చాలా ఉంది.

సరే, షుగర్ ఎక్కువైతే నష్టం. అయితే పూర్తిగా నార్మల్‌కు తెచ్చేస్తే ఇంకా మంచిదేగా? మీకే కాదు, మాకూ అలాగే అనిపించింది. 2001లో బెల్జియంలోని లూవెన్ నుంచి గ్రీట్ వాన్ డెన్ బెర్గె బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. ఐసీయూలో ఉన్న 1,548 మంది సర్జరీ రోగులు, అందులో ఎక్కువమంది గుండె ఆపరేషన్ అయినవాళ్లే. సగం మందికి షుగర్ 80 నుంచి 110 మధ్య ఉంచారు. మిగతా సగానికి 215 దాటితేనే ఇన్సులిన్ ఇచ్చి, 180 నుంచి 200 మధ్య ఉంచారు. ఐసీయూలో చనిపోయినవాళ్లు రెండో గుంపులో 8 శాతం, మొదటి గుంపులో 4.6 శాతం. ఐసీయూ వైద్యంలో ఒక్క మందుతో ఇంత తేడా రావడం చాలా అరుదు. దేశదేశాల ఐసీయూలు 110 అంకె వెంట పడ్డాయి.

తర్వాత లెక్కలు తిరగబడ్డాయి. 2007లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రి వాళ్లు ఆపరేషన్ జరుగుతుండగానే షుగర్‌ను 80 నుంచి 100 మధ్య బిగించి పట్టి చూశారు. 400 మంది రోగులు. లాభం కనబడలేదు సరికదా, బిగించిన గుంపులో 8 మందికి పక్షవాతం వచ్చింది, మామూలు వైద్యం చేసిన గుంపులో ఒక్కరికి. 4 మరణాలు కూడా బిగించిన గుంపులోనే. చిన్న అధ్యయనం కాబట్టి ఆ అంకెల మీద తీర్పు చెప్పలేం గానీ, అందరికీ టెన్షన్ పట్టుకుంది. 2009లో నైస్ షుగర్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా ఐసీయూల్లో 6,000 మందికి పైగా, అన్ని రకాల జబ్బులవాళ్లు. 81 నుంచి 108 మధ్య బిగించిన గుంపులో 90 రోజుల్లో 27.5 శాతం చనిపోయారు. 180 లోపు ఉంటే చాలు అనుకున్న గుంపులో 24.9 శాతం. షుగర్ 40 లేదా అంతకన్నా కిందికి పడిపోవడం బిగించిన గుంపులో 6.8 శాతం మందికి, రెండో గుంపులో 0.5 శాతానికి జరిగింది.

మరి లూవెన్ వాళ్లు చెప్పింది తప్పా? నేనలా అనను. వాళ్లు మొదటి రోజు నుంచే రోగులకు నరంలోకి చాలా గ్లూకోజ్ ఎక్కించేవాళ్లు. అంత షుగర్ ఎక్కిస్తూ 200 దాకా పోనిస్తే నష్టం ఎక్కువే, దాన్ని ఇన్సులిన్‌తో దించితే లాభమూ ఎక్కువగానే కనబడుతుంది. పైగా వాళ్లు పోల్చింది 200తో. నైస్ షుగర్ వాళ్లు పోల్చింది 180 లోపుతో. అదే లూవెన్ బృందం 2023లో నరంలోకి తొందరగా ఆహారం ఎక్కించే పద్ధతి మానేసి 9,230 మందిలో మళ్లీ పరీక్షించింది. ఈసారి బిగించినందువల్ల ఐసీయూ రోజులూ తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు. తమ పాత ఫలితాన్ని తామే మళ్లీ కదిలించి చూసిన ఆ ధైర్యం నాకు నచ్చింది.

ఇవాళ ఎక్కువ చోట్ల పాటించేది ఇది. 180 దాటితే ఇన్సులిన్ మొదలుపెట్టాలి, 140 నుంచి 180 మధ్య ఉంచాలి. అమెరికా గుండె సర్జన్ల సంఘం 2009లోనే 180 లోపు అని రాసింది. ఐసీయూలో మూడు రోజులు, అంతకు మించి ఉండాల్సి వచ్చినవాళ్లకు 150 లోపు అంది. ఇంకొంచెం దించితే షుగర్ జబ్బు లేనివాళ్లకు లాభం ఉండొచ్చని 2015లో 302 మంది బైపాస్ రోగుల మీద చేసిన ఒక అధ్యయనంలో కనబడింది, షుగర్ జబ్బు ఉన్నవాళ్లలో కనబడలేదు. ఎన్నో ఏళ్లు 220కి అలవాటుపడ్డ ఒంటిని ఒక్క పూటలో 100కు లాగితే అది ఇబ్బంది పడుతుందని నాకూ అనిపిస్తుంది. అందుకే ఐసీయూలో మీవాళ్లకు 165 అని వింటే, ఇంట్లో కంగారుపడినట్టు కంగారుపడకండి. ఇంటి లెక్క వేరు, అక్కడి లెక్క వేరు.

షుగర్ పడిపోవడం అంటే మాకు ఎందుకంత భయమో చెప్పాలి. మెలకువగా ఉన్న మనిషికి షుగర్ పడితే చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడ కొట్టుకుంటుంది, ఆకలి వేస్తుంది. ఎవరో ఒకరు గమనిస్తారు. మత్తులో ఉన్న మనిషి ఇవేవీ చెప్పలేడు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతున్నవాళ్లలో దడ కూడా తెలియదు, చెమట ఒక్కటే మిగులుతుంది. గుండె ఆపరేషన్ రోగుల్లో ఆ మాత్రలు వాడేవాళ్లు చాలామంది. మెదడు నడిచేది షుగర్ మీదే. కాసేపు 250 ఉన్నా సరిదిద్దుకోవచ్చు, 35 ఉన్న సంగతి ఎవరూ చూడకపోతే ఆ నష్టం వెనక్కి రాకపోవచ్చు. అందుకే ఏదో ఒక వైపుకు జరగక తప్పదంటే నేను పై వైపే ఎంచుకుంటాను.

ఇప్పుడు ఐసీయూ లోపలికి వెళ్దాం. 50 మిల్లీలీటర్ల సిరంజిలో సెలైన్‌తో కలిపిన 50 యూనిట్ల ఇన్సులిన్ ఉంటుంది. అంటే ఒక మిల్లీలీటరుకు ఒక యూనిట్, లెక్క తప్పడానికి ఆస్కారం తక్కువ. దాన్ని పంపుకు పెట్టే ముందు కొత్త గొట్టంలోంచి 20 మిల్లీలీటర్ల దాకా వదిలేయాలి. ఇన్సులిన్ ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. వదలకపోతే మొదటి గంటలో మందు గొట్టం గోడలకే పోతుంది, రోగికి చేరదు. షుగర్ దిగడం లేదని రేటు పెంచుతాం, గోడలు నిండాక ఒక్కసారిగా అంతా ఒంట్లోకి వెళ్తుంది.

గంటగంటకూ షుగర్ చూస్తారు. వేలి కొసన సూది గుచ్చి కాదు, మణికట్టు ధమనిలో ఉన్న సన్నని గొట్టం నుంచి రక్తం తీసి బ్లడ్ గ్యాస్ మెషిన్‌లో పెడతారు. బీపీ తక్కువగా ఉండి వేళ్లు చల్లబడ్డప్పుడు వేలి రక్తం సరైన అంకె చెప్పదు. రక్తం పలచబడి ఉంటే చాలా గ్లూకోమీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. అసలు షుగర్ 75 ఉంటే మీటరు 110 అంటుంది, నర్సు నిశ్చింతగా ఉంటుంది. ఇంకో సంగతి. పోయిన గంట 158, ఈ గంట 460 వచ్చిందనుకోండి. వెంటనే ఇన్సులిన్ రేటు మీద చేయి వేయకండి. ఆ రక్తం ఎక్కడి నుంచి తీశారో చూడండి. గ్లూకోజ్ ఎక్కుతున్న నరం నుంచి తీసి ఉంటే, మీరు కొలిచింది సీసాలోని మందును. వేరే చోటు నుంచి మళ్లీ తీసి చూశాకే ఏదైనా.

పొటాషియం ఒక్కటి చెప్పి ఇది ముగిస్తాను. ఇన్సులిన్ షుగర్‌తో పాటు పొటాషియాన్నీ కణాల్లోకి నెట్టేస్తుంది. రక్తంలో పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది. ఆపరేషన్ అయిన గుండె అసలే చిరాకుగా ఉంటుంది. షుగర్ కాగితం చూసినప్పుడల్లా పక్కనే పొటాషియం అంకె కూడా చూడాలి.

పంపు ఆపే వేళ ఒకటుంది, నాకు తెలిసి ఎక్కువ పొరపాట్లు జరిగేది అప్పుడే. నరంలోకి ఇచ్చే ఇన్సులిన్ ప్రభావం నిమిషాల్లో పోతుంది. వార్డుకు పంపుతున్నామని పంపు తీసేసి, సాయంత్రం ఇంజెక్షన్ ఇద్దాంలే అనుకుంటే రాత్రికి 300. పంపు ఆపడానికి రెండు గంటల ముందే చర్మం కింద దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ ఇవ్వాలి.

ఇక ఆపరేషన్‌కు ముందు మీరు చేయాల్సినవి. మీరు వాడే ప్రతి మాత్ర, ప్రతి ఇంజెక్షన్ పేరు కాగితం మీద రాసి తీసుకురండి. "షుగర్ మాత్ర" అంటే చాలదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ అనే మందులు గుండెకు మేలు చేసేవే, కానీ మీ డాక్టరుతో మాట్లాడి ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. ఇవి వేసుకుని ఏమీ తినకుండా ఆపరేషన్‌కు వెళ్తే రక్తంలో కొవ్వు కరిగినప్పుడు వచ్చే కీటోన్లు పేరుకుని యాసిడ్ పెరగొచ్చు. చిక్కేమిటంటే అప్పుడు షుగర్ పెద్దగా పెరగదు, అందుకని ఎవరికీ అనుమానం రాదు. బరువు కూడా తగ్గించే వారానికోసారి ఇంజెక్షన్లు వాడేవాళ్లు మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి, వాటివల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. మెట్‌ఫార్మిన్ సాధారణంగా ఆపరేషన్ రోజు వేసుకోరు. టైప్ 1 షుగర్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం ఉన్నవాళ్లు, ఏమీ తినడం లేదు కదా అని ఇన్సులిన్ మొత్తం మానేయకూడదు. ప్రాణాపాయం. డోసు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు చెప్తారు.

హెచ్‌బీఏ1సీ ఎక్కువ ఉందని ఆపరేషన్ వాయిదా వేయాలా అంటే, గుండె పరిస్థితి అన్నాళ్లు వేచి చూడనిస్తేనే. ప్రధాన నాళంలో అడ్డంకి ఉండి నొప్పి వస్తున్న మనిషిని షుగర్ కోసం రెండు నెలలు కూర్చోబెట్టలేం. తొందర లేని ఆపరేషన్ అయితే కొన్ని వారాలు తీసుకుని తగ్గించుకోవచ్చు. తేదీ దగ్గరపడిందని పస్తులుండి అంకె దించుకోవడం మాత్రం వద్దు. బలహీనంగా వచ్చిన మనిషికి గాయం ఇంకా ఆలస్యంగా మానుతుంది.

ప్రశ్నలుంటే అడగండి. అమ్మా, మీరు చెప్పండి.

(ప్రశ్న: ఆస్పత్రిలో ఇన్సులిన్ మొదలుపెట్టాక జీవితాంతం మానకూడదంటారు, నిజమేనా?)

నిజం కాదమ్మా. ఇన్సులిన్ అలవాటు పడే మందు కాదు. షుగర్ జబ్బు లేనివాళ్లకు చాలావరకు వార్డులో ఉండగానే ఆపేస్తాం. మాత్రలతో బాగున్నవాళ్లు ఎక్కువమంది తిరిగి మాత్రలకే వెళ్తారు. ముందే హెచ్‌బీఏ1సీ బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు కొనసాగించాల్సి రావచ్చు, కానీ అది ఆస్పత్రిలో మొదలుపెట్టినందువల్ల కాదు, జబ్బు ఆ దశలో ఉన్నందువల్ల.

(ప్రశ్న: ఇంటికెళ్లాక షుగర్ ఎన్నిసార్లు చూడాలి?)

ఇన్సులిన్‌తో ఇంటికెళ్లినవాళ్లు మొదటి రెండు వారాలు పరగడుపున ఒకసారి, భోజనాలకు ముందు, పడుకునే ముందు చూసుకోవాలి. ఎక్కువ అవుతుందని కాదు. ఒత్తిడి తగ్గేకొద్దీ ఒంటికి కావాల్సిన ఇన్సులిన్ తగ్గిపోతుంది, ఆస్పత్రిలో రాసిన డోసు ఎక్కువైపోతుంది. ఆకలి కూడా ఇంకా సరిగా ఉండదు. 70 కన్నా తక్కువ వస్తే వెంటనే గ్లూకోజ్ గానీ పంచదార నీళ్లు గానీ తీసుకుని, పావుగంట తర్వాత మళ్లీ చూసుకుని, అదే రోజు డోసు గురించి ఫోన్ చేయండి. ఇంకొకటి, ఇది మీటరులో కనబడదు. గాయం నుంచి నీరు కారినా, జ్వరం వచ్చినా, దగ్గినప్పుడు రొమ్ము ఎముకలో క్లిక్‌మని కదిలినట్టు అనిపించినా, షుగర్ ఎంత బాగున్నా సరే, తర్వాతి చెకప్ దాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించండి.